కంటికి కనిపించని సరుకు

ధర్మసమ్మతమైన వ్యాపారాన్ని ఇస్లాం ఎంతగానో ప్రోత్సహించింది. నేడు మన కుటుంబాలలో అబాయాలు, బుర్ఖాలు కుట్టే సోదరీమణులు ఎందరో ఇంటి నుండే వెబ్‌సైట్ ద్వారా అమ్మకాలు సాగించాలని ఆశిస్తున్నారు. ఇది శుభప్రదమైన ఆలోచన. అయితే చాలాచోట్ల పని తలక్రిందులుగా మొదలవుతున్నది. ముందు డిజైనర్‌ను పిలుస్తారు. రంగులు, లోగో, కదిలే బొమ్మలు ఎంచుకుంటారు. ఏమి రాయాలన్న ప్రశ్న చివరికి మిగులుతుంది. అప్పుడు ఎక్కడివో నాలుగు పొగడ్తలు తెచ్చి ఖాళీలు నింపుతారు. రాత ముందు, రూపకల్పన తరువాత అన్నదే మా విన్నపం.

దుకాణానికి వచ్చిన స్త్రీ గుడ్డను చేత్తో తడిమి, వెలుతురులో పట్టి చూసుకుంటుంది. వెబ్‌సైట్‌లో సరుకు ఉండదు, సరుకు వర్ణన మాత్రమే ఉంటుంది. చూడని వస్తువు క్రయవిక్రయాలను గురించి మన ధర్మవేత్తలు శతాబ్దాల క్రితమే లోతుగా చర్చించారు. మదరసాలలో మేము బోధించే ‘హిదాయా’ గ్రంథంలో ‘ఖియారె రూయత్’ అనే అధ్యాయమే ఉంది. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత ఉంచుకునే, లేదా తిరిగి ఇచ్చివేసే హక్కు కొనుగోలుదారుకు ఉంటుందన్నది హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని రాయబోయే ముందు మనం ఈ అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకోవాలి.

దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు పండ్ల కోసం ఏడాది, రెండేళ్ల ముందుగానే సొమ్ము చెల్లించేవారు. ఆయన ఆ పద్ధతిని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా నిర్ణయించుకోవాలని మాత్రం ఆదేశించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ముందుగా డబ్బు తీసుకుని తరువాత సరుకు పంపేవారందరికీ ఇందులో మార్గదర్శనం ఉంది.

కాబట్టి డిజైనర్‌ను పిలిచే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఐదు కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

మొదటి కాగితం మీద మన పరిచయం ఉండాలి. వ్యాపారం పేరు, చిరునామా, ఫోను నంబరు, ఫిర్యాదు వినే వ్యక్తి పేరు రాయాలి. మన దేశంలో 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు కూడా ఈ వివరాలను కోరుతున్నాయి.

రెండవది సరుకు వివరం. ‘సైజు 54’ అంటే చాలదు. భుజం నుండి క్రింది అంచు వరకు 54 అంగుళాలని, ఛాతీ ఇంత, చేయి పొడవు ఇంత అని రాయాలి. ‘నిదా’ గుడ్డ పాలియెస్టర్ అయితే పాలియెస్టర్ అనే చెప్పాలి. ‘సిల్కులాంటి నునుపు’ అనడం వేరు, ‘సిల్కు’ అనడం వేరు. ఫోటోలో దుపట్టా కనిపిస్తూ, ధరలో అది లేకుంటే ఆ సంగతి ఫోటో క్రిందనే తెలపాలి. ఫోటోలు పగటి వెలుతురులో తీస్తే రంగు ఉన్నదున్నట్లు తెలుస్తుంది. దుస్తును హ్యాంగరుకు తగిలించి తీస్తే హయా నిలుస్తుంది, కుట్టుపనీ కనిపిస్తుంది.

మూడవది ధర. పన్ను, పంపే ఖర్చు కలిపి కొనుగోలుదారు చివరకు చెల్లించవలసిన మొత్తమెంతో తెలియాలి.

నాలుగవది గడువు. సిద్ధంగా ఉన్న దుస్తు ఏది, కొలత తీసుకుని కుట్టి ఇచ్చేది ఏది అన్నది వేరువేరుగా చూపాలి. రెండవదానిని ఫిఖహ్‌లో ‘ఇస్తిస్నా’ అంటారు. అందులో వస్తువు రకం, కొలత, లక్షణాలు ముందే తేలిపోవాలి. రంజాన్ నెలలో కుట్టుపని పెరుగుతుంది గనుక, పండుగకు ముందు ఆర్డర్లు ఏ తేదీ వరకు స్వీకరిస్తామో కూడా రాసుకోవాలి.

ఐదవది వాపసు నిబంధన. లోపం ఉంటే ఎన్ని రోజులలో తెలపాలి, తిరిగి పంపే ఖర్చు ఎవరిది, సొమ్ము ఎప్పుడు తిరిగి వస్తుంది అన్నవి దాపరికం లేకుండా ఉండాలి.

మరొక జాగ్రత్త. కొనని బంధువుల చేత కొన్నట్లుగా ప్రశంసలు రాయించకూడదు. అది అబద్ధపు సాక్ష్యంతో సమానం. అమ్మేవారే కొన్నవారిగా నటించి అభిప్రాయాలు రాయడాన్ని పై నియమాలు సైతం నిషేధించాయి. ప్రశంసలు లేని పేజీ లోటు కాదు.

ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించారు. తడి వాన వల్ల వచ్చింది, వర్తకుని తప్పు కాదు. దాన్ని క్రింద ఉంచడమే తప్పు. వెబ్‌సైట్‌లోనూ లోపాన్ని చిన్న అక్షరాలలో అడుగున దాచడం అటువంటిదే.

కాగితాలు పూర్తయ్యాక ఈ వ్యాపారం సంగతి తెలియని ఒక పెద్దావిడకు చదివి వినిపించండి. ఆమె అడిగే ప్రతి ప్రశ్నా మనం రాయకుండా విడిచిన ఒక వాక్యం. ఆ జవాబులు కూడా చేర్చి అప్పుడు డిజైనర్‌కు ఇస్తే ఎన్ని పేజీలు కావాలో, ఏది ఎక్కడ ఉండాలో అతనికి స్పష్టమవుతుంది. మాటిమాటికీ మార్పులు, వాటి కోసం వృథా ఖర్చు తప్పుతాయి.

దివ్య ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. గడువు పెట్టుకున్న అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవడం గురించే ఆ ఆయత్ బోధిస్తున్నది. లావాదేవీలలో రాతకు మన ధర్మం ఇచ్చిన స్థానం అంతటిది. అల్లాహ్ మన మాటలో సత్యాన్ని, మన సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.