యోషిదా హిరోషి – కొయ్యయచ్చు చిత్రములు

జపానుదేశపు కొయ్యయచ్చు చిత్రమును చూచువారు అది యొక్కని చేతిపని యని తలంతురు. అది పొరపాటు. పూర్వాచారము ననుసరించి చిత్రకారుడు గీతలు గీసి యిచ్చును. చెక్కువా డొకడు, అచ్చొత్తువా డింకొకడు, ధనము వెచ్చించి విక్రయించు ప్రకాశకుడు మరియొకడు. ఈ యేర్పాటుతో తృప్తిచెందని యొక చిత్రకారునిగూర్చి మేమిచ్చట వ్రాయుచున్నాము.

యోషిదా హిరోషి 1876వ సంవత్సరమున కురుమే పట్టణమున జన్మించెను. బాల్యముననే యీతని నేర్పును కనిపెట్టి దత్తత చేసికొనినవాడు పాఠశాలలో చిత్రలేఖనము నేర్పు నుపాధ్యాయుడు. (ఈ సంగతి మావంటివారికి ముచ్చట గొల్పుట సహజమే!) 1899లో అమెరికాకు పోయి, నీటిరంగుల చిత్రముల నమ్మి పేరొందెను. 1920లో వతనబె షోజబురో యను ప్రకాశకునికొరకు అచ్చుల కనువగు చిత్రములు గీయ నారంభించెను. కాని 1923 సెప్టెంబరు 1వ తేదీని టోకియోలో సంభవించిన మహాభూకంపమును, దానివెంట చెలరేగిన యగ్నియు ఆ దిమ్మలను దహించివేసెను.

1925లో, తన నలువదితొమ్మిదవ యేట, ఈతడు స్వంత కార్యశాలను నెలకొల్పెను. పనివారిని తనయొద్దనే యుంచుకొని, తానును ఉలి పట్టెను. తనకు రాని పనిని ఇతరులచే చక్కగా చేయించుట యెట్లని యాతని తలంపు కాబోలు.

ఆ పని సామాన్యమైనది కాదు. పలుచని కాగితముపై గీసిన చిత్రమును చెర్రీకొయ్య పలకపై బోర్లించి యతికింతురు. గీతలుమాత్రము ఉబ్బెత్తుగా నిలుచునట్లు తక్కిన భాగమును చెక్కివేయుదురు. రంగులకు వేరుపలకలుండును. పలకకు రంగు పూసి, తడిపిన కాగితమును పరచి, వెదురుపొర చుట్టిన బిళ్లతో వీపున రుద్దుదురు. యంత్రమేమియు లేదు. పలకపైనున్న గుర్తునకు కాగితము వెండ్రుకవాసి తప్పినను రంగు గీత దాటును. ఈతని చిత్రములలో పదులకొలది సారు లొత్తినవియు గలవు.

1926 నాటి తెరచాప పడవల చిత్రములలో దిమ్మ లవే. రంగులు మార్చి ఉదయము, సాయంకాలము, రాత్రి, పొగమంచు చూపించెను. 1930లో కుమారుడగు తోషితో మనదేశమునకు వచ్చి, కాంచనగంగను, తాజమహలును, ఉదయపురమును చిత్రించుకొని పోయి ముద్రించెను. వెన్నెలలోని తాజమహలును పలువురు మెచ్చుదురు. మాకు ఉదయపుమంచులోనిదే యెక్కువ నచ్చినది.

1950లో మరణించువరకు నీతడు ఈ వృత్తిని విడువలేదు. తన పర్యవేక్షణమున ముద్రితమైన పటముల యంచున 'జిజూరి' యను ముద్ర వేసెడివాడు. స్వయముగా నొత్తినదని దాని యర్థము. నిజమునకు అందు పెక్కింటిపై చేయి వేసినవారు ఆతని పనివారు. వారి పేరు లెరిగినవా రరుదు. ఇది మాకు కొంచెము వెలితిగానే తోచుచున్నది.