కాయ పండాలంటే నలుగురు కూర్చోవాలి

బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే పాత రోడ్డు మీద, 60 కిలోమీటర్ల దూరంలో చన్నపట్టణం ఉంది. రోడ్డు పక్కన వరుసగా లక్క బొమ్మల దుకాణాలు. అటుగా వెళ్లే కుటుంబాలు కాఫీకి ఆగేవి, పిల్లలు బొమ్మ కోసం పేచీ పెట్టేవారు, బేరం కుదిరేది. 2023 మార్చిలో ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమయ్యాక కార్లు ఊళ్లోకి రాకుండానే సాగిపోతున్నాయి. దారిలో ఆగేవాళ్ల మీద బతికిన దుకాణాలకు ఆ ఆగడమే తగ్గిపోయింది.

ఆ దుకాణాల్లో బొమ్మలతోపాటు పచ్చీసు కాయలు, చదరంగం బలగం, గుంటల పీటలు కూడా ఉంటాయి. మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రనే అక్కడ ‘ఆలె మర’ అంటారు. చెట్టు ఒకటే, లక్క పనీ దాదాపు ఒకటే, పేరు మాత్రం వేరు.

రోడ్డు మారడం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. బొమ్మను కొని అలమారలో పెట్టుకోవచ్చు. ఆట పీట అలా కాదు. దాన్ని కొన్నవాళ్లకు ఆట తెలియాలి, ఎదురుగా కూర్చునే మనిషి ఉండాలి. వామనగుంటల పీటను టీవీ పక్కన అలంకారంగా పెట్టిన ఇంటివారు రెండో పీట కోసం రారు, పక్కింటివాళ్లకు చెప్పరు. ఆడేవాళ్లు లేని చోట ఆటల దుకాణం జ్ఞాపికల దుకాణంగా మారిపోతుంది.

ఈ సంగతిని నగరాల్లోని బోర్డ్ గేమ్ కెఫేలు బాగా పట్టుకున్నాయి. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో గంటకు ఇంత అని తీసుకుని బల్ల, ఆట, కాఫీ ఇస్తారు. 1995లో జర్మనీలో వచ్చిన ‘కాటాన్’ లాంటి ఆటల పెట్టె కొనాలంటే వేలల్లో మాట, పైగా ఆన్‌లైన్లో తక్కువకు దొరుకుతుంది. ధరలో దానితో పోటీపడలేని చిన్న దుకాణం ఇవ్వగలిగింది ఒక్కటే: పక్కన కూర్చుని ఆట నేర్పే మనిషి. ఒకప్పుడు ఇంట్లో ఆ పని అమ్మమ్మ చేసేది, ఫీజు లేకుండా! అయితే ఆ కెఫేల్లో వినిపించేది ఎక్కువగా ఇంగ్లిషే. మన పిల్లలు అక్కడ చక్కగానే ఆడతారు, కానీ తెలుగులో గొడవపడరు.

ఆ గొడవే కావాలి. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. చమ్మాకో అష్టాకో మరో పందెం వస్తుంది. అవతలివాళ్ల కాయను చంపితే తప్ప లోపలి గళ్లలోకి రానివ్వమని కొన్ని ఇళ్లలో పట్టు, ఇంకొన్ని ఇళ్లలో ఆ నిబంధనే లేదు. ‘మా ఇంట్లో ఇలా కాదు’ అని ఒకరంటే, ‘ఇది మీ ఇల్లు కాదు’ అని మరొకరు. మధ్య గడికి చేరిన కాయ ‘పండింది’ అంటాం. ఈ మాటలు వాచకంలో పాఠంగా చెబితే నిలవవు, ఓడిపోతూ ఉక్రోషంతో అన్నప్పుడు నిలుస్తాయి. తెలుగు పీరియడ్లలో మాత్రమే తెలుగు వినే హోసూరు పిల్లలకైనా, బళ్లారి పిల్లలకైనా ఇలాంటి అరగంట విలువైనది.

పైగా ఇవి చుట్టుపక్కలవారి నుంచి విడదీసే ఆటలు కావు. మన వామనగుంటలు తమిళులకు పల్లాంగుళి, కన్నడిగులకు అళిగుళి మణె. పులి-మేక అక్కడ ఆడుపులి ఆట్టం, ఇక్కడ ఆడు-హులి. అష్టాచమ్మా మైసూరు వైపు చౌకాబారా. చెన్నైలో వినీతా సిద్ధార్థ 2002లో మొదలుపెట్టిన ‘క్రీడా’ సంస్థ, మైసూరులోని రాంసన్స్ కళా ప్రతిష్ఠాన ఇలాంటి పాత ఆటలను మళ్లీ తయారు చేయించి జనంలోకి తెస్తున్నాయి.

బడులకు ఇందులో దారి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకోవాలంది. తరగణి దగ్గర కర్ర తిరుగుతుండగా లక్క రంగు ఎలా పట్టుకుంటుందో చూడటానికి అందులో ఒక రోజు కేటాయించవచ్చు.

‘అష్టాచమ్మాకు సుద్దముక్క, చింతగింజలు చాలు కదా, పీట కొనడం ఎందుకు?’ అని ఒక ఉపాధ్యాయుడు అడిగితే, నిజమే, మొదట అవే చాలు. నేల మీద గళ్లు గీసుకుని ఏడాది ఆడిన పిల్లలే తర్వాత మంచి పీట అడుగుతారు. ముందే పది పీటలు కొని బీరువాలో పెట్టి తాళం వేయడం కంటే అది మేలు. గవ్వలు కనబడగానే జూదమని జంకే తల్లిదండ్రులను ఒక శనివారం పిలిచి పిల్లలతో కూర్చోబెడితే సరి.

దుకాణదారుకు బడి చేయగల సాయం ఇంకొకటి ఉంది. చాలా ఆటల పెట్టెల్లో నియమాల కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, లేదా అసలే ఉండదు. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ పీట మీదికి వచ్చేదాకా వాటిని కదపకూడదు. ఇంతటి ఆటను ఒక పేజీలో తెలుగులో రాయడం ఎనిమిదో తరగతికి మంచి వ్యాసరచన. పక్క సెక్షన్ వాళ్లు అదే పేజీని కన్నడంలోనో తమిళంలోనో రాయవచ్చు. ఆ కాగితం చదివి, ఆట ఎరగని మరో తరగతి పిల్లలు తడబడకుండా ఆడగలిగితే, నకళ్లు తీసి దగ్గర్లోని బొమ్మల దుకాణానికి ఇచ్చి రావచ్చు.