నవ్వే ఆడదాన్నే నమ్మండి!

"నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు" అన్నారు మన పెద్దలు. ఏడ్చే మగవాడి సంగతి మగవాళ్ల పేజీకి వదిలేద్దాం, అలాంటి పేజీ ఒకటి వస్తే! నవ్వే ఆడదాని గురించి మాత్రం మనం నాలుగు మాటలు చెప్పుకోవాల్సిందే. ఎందుకంటే ఇప్పుడామె తను నవ్వి ఊరుకోవడం లేదు. మైకు పట్టుకుని పదిమందినీ నవ్విస్తోంది.

దీన్నే స్టాండప్ కామెడీ అంటున్నారు. వేషాలుండవు, తెరలుండవు, పక్క పాత్రలుండవు. ఒక మనిషి, ఒక మైకు, సొంతంగా రాసుకున్న మాటలు. అంతే! మన దేశానికి చెందిన ఉరూజ్ అష్ఫాక్ అనే అమ్మాయి 2023లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ఉత్తమ నూతన హాస్య కళాకారిణిగా బహుమతి అందుకుంది. హైదరాబాదులో తెలుగులో కూడా ఈ ప్రదర్శనలు జరుగుతున్నాయి.

"అదంతా పెద్ద ఊళ్ల ముచ్చట. మన పాతపట్నంలో ఎందుకమ్మా?" అంటారేమో. కాస్త వెనక్కి తిరిగి చూడండి. నవ్విస్తూ నిజం చెప్పే విద్య మన వైపు ఎప్పుడో వేరూనింది.

సుబ్బిని కాదు, లుబ్ధావధాన్లుని!

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది. 1897లో అచ్చయింది. ఆ నాటకం చూసి పడీపడీ నవ్వుకున్న వాళ్లలో ఎంతమందికి దాని వెనకున్న లెక్క తెలుసో! విజయనగరం మహారాజావారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లకి జాబితా తయారు చేయించారు. 1,034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పసిగుడ్డులు ముగ్గురు! ఆ ముగ్గురికీ ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల దాకా ధర. ఈ వివరాలన్నీ గురజాడవారే తొలి ముద్రణ ముందుమాటలో ఇచ్చారు.

చదివితే కళ్లు చెమరుస్తాయి. మరి ఇందులో నవ్వు ఎక్కడిది? ముసలి లుబ్ధావధాన్లు డబ్బు పోసి పెళ్లాడింది ఆడపిల్ల వేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుణ్ణి! మనం నవ్వేది ఆ పెళ్లికొడుకుని చూసి, కూతురికి ధర కట్టిన అగ్నిహోత్రావధాన్లుని చూసి. అమ్ముడుపోబోయిన చిన్నారి సుబ్బిని చూసి కాదు. సమాజం గురించి హాస్యం రాయాలనుకునే వాళ్లకి ఇంతకు మించిన పాఠం లేదు. దెబ్బ తిన్నవాళ్లని చూసి నవ్విస్తే అది వెటకారం. దెబ్బ కొట్టినవాళ్లని చూసి నవ్విస్తే అది చైతన్యం.

ఇక ఆడవాళ్లు వేదిక ఎక్కడమంటారా, అదీ కొత్త కాదు. బుర్రకథలో కథకుడికి చెరో పక్కా వంతలు నిలబడతారు. ఒకరు హాస్యం చెబితే ఇంకొకరు రాజకీయం చెబుతారు. సరదా, చురక రెండూ ఒకే వేదిక మీద! 1940లలో మోటూరి ఉదయం వంటివారు మహిళా బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. ఆ రోజుల్లో వాళ్లు ఎన్ని మాటలు పడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

మన యాస మన ఆస్తి

మా ఊరి నుంచి సరిహద్దు దాటితే పర్లాకిమిడి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది అక్కడే. జనం మాట్లాడే మాటకి గౌరవం కావాలని ఆయన తపించారు. మన సినిమాల్లో చూస్తేనో, శ్రీకాకుళం యాసని ఎన్నోసార్లు పనిమనిషి పాత్రకీ, అమాయకుడి పాత్రకీ అంటగట్టారు. మన మాట వినబడగానే హాలంతా నవ్వు!

అదే యాసలో మనమే జోకు వేస్తే? అప్పుడు నవ్వు మన చేతిలో ఉంటుంది. ఎవరిని చూసి నవ్వాలో మనమే చెప్తాం.

అయిదు నిమిషాలు చాలు

ఒక మార్చి 8న మా మండలంలో మహిళా సంఘాల సభ జరిగింది. ఉపన్యాసాల మధ్య నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. కథలు రాసే అలవాటుంది కనక రాయడం కష్టమనిపించలేదు. కష్టమంతా తీసెయ్యడంలోనే. కథలో వాతావరణం వర్ణించొచ్చు. ఇక్కడ రెండు వాక్యాల్లో సంగతి చెప్పాలి, మూడో వాక్యంలో మలుపు రావాలి. నవ్వు తెప్పించే మాట వాక్యం చివరే పడాలి. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడాలి, జనాన్ని నవ్వనివ్వాలి. వంట చేస్తూ పైకి చదువుకున్నాను, ఫోనులో రికార్డు చేసి విన్నాను. నాకే విసుగు పుట్టిన చోటల్లా కొట్టేశాను.

గురజాడవారిలా నేనూ లెక్కతోనే మొదలుపెట్టాను. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నలుగురిలో ఒకరు!

"అమ్మలూ, 299 అంటే అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. మా ఆయన ఆ లెక్క చూసి ఏటన్నాడో తెలుసా? ఆ ఒక్క నిముసం ఊరికినే కూకుని ఏటి సేస్తన్నావే?" అన్నాను. వెనక వరసలోంచి ఒక కేక, ఆ వెంటే నవ్వులు. "మగోళ్లు 97 నిముసాలు సేస్తన్నారట. ఏ ఇంట్లో సేస్తన్నారో సెప్తే, టిక్కెట్టు కొనుక్కునెళ్లి సూసొద్దుం!" అనేసరికి ఇక ఆగలేదు.

సభ అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చింది. వేళ్లు మడుస్తూ నీళ్లు, కట్టెలు, పశువులు, మనవలు అని లెక్కపెట్టింది. "నాకు అయిదు గంటలు కాదమ్మా, తొమ్మిదౌతాది. ఇన్నాళ్లూ ఊరికినే ఉన్నాననుకున్నాను" అంది. ఆవిడ నవ్వలేదు. ఆ మాట అనిపించడానికే కదా అంత నవ్వించింది!

మీరూ రాయొచ్చు

ఒక నోటుబుక్కు తీసుకోండి. వారం రోజులు మీ చెవిన పడిన మాటలు ఉన్నవున్నట్టు రాయండి. పేర్లు వద్దు. మన ఇంటివాళ్లయినా, పక్కింటివాళ్లయినా నలుగురిలో చిన్నబుచ్చుకోకూడదు. మనం ఎత్తి చూపేది అలవాటుని, మనిషిని కాదు. రంగు, ఒళ్లు, కులం, అవిటితనం జోలికి అసలు వెళ్లొద్దు.

ఏం రాయాలో తోచకపోతే పెళ్లిచూపులతో మొదలుపెట్టండి. గురజాడ కాలంలో ఆడపిల్లకి ధర, ఇప్పుడు మగపిల్లాడికి ధర! వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా "మేమేం అడగడం లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అన్న మాట వినని తల్లి మనలో ఎవరు? ఆ మాటని ఒక్క అక్షరం కూడా మార్చకుండా మైకులో చెప్పి, ఒక్క క్షణం ఆగి చూడండి. ముందు ఆడపిల్లల తల్లులు నవ్వుతారు. తర్వాత మగపిల్లల తల్లులు నెమ్మదిగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.