మీకు తెలుసా? మన పక్కనే తెలుగు యూదులు!

ఏలూరు నుంచి విజయవాడ మీదుగా కృష్ణ దాటి గుంటూరు జిల్లా చేబ్రోలు వైపు వెళితే కొత్తరెడ్డిపాలెం వస్తుంది. అక్కడ తెలుగు మాట్లాడే యూదులు, బెనె ఎఫ్రాయిం వాళ్లు, ఉన్నారు. ఆ సమాజానికే చెందిన యాకోబి సోదరుల చొరవతో అక్కడ 1991లో ప్రార్థనా మందిరం వెలిసింది.

పిల్లలకు కథలు చెప్పడం యూదుల ఆచారంలోనే ఉంది. వాళ్ల పస్కా పండుగ భోజనంలో ప్రశ్నలడిగే హక్కు ఇంట్లో చిన్నవాడిది! పెద్దలు జవాబుగా ఈజిప్టు చెర కథ చెప్పాలి. ఆ కథ ఉండే పుస్తకమే హగ్గదా. 1874లోనే పుణెలో అది హీబ్రూ, మరాఠీల్లో అచ్చయింది. అందులోని బొమ్మల్లో చీరలు కట్టిన ఆడవాళ్లు పులియని రొట్టెలు చేస్తుంటారు.

ఆ కథల అలవాటు ఇప్పటికీ సాగుతోంది. అమెరికాలో హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ 2005లో పెట్టిన పీజే లైబ్రరీ యూదు పిల్లల ఇళ్లకు నెలనెలా కథల పుస్తకాలు ఉచితంగా పంపుతోంది. మన అట్లతద్ది, సంక్రాంతి కథలకూ అలాంటి దాత ఒకరు దొరికితే బాగుండు!