పంజరపు తలుపు తెరచునప్పుడు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దలకు ఉడుమును గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినదేమున్నది? కాలువగట్ల బొరియలలోను, తాటితోపుల పుట్టలలోను దానిని చూడనివారు అరుదు. అయినను ఈనాడు మన యిండ్లలో ఒక క్రొత్త ప్రశ్న పుట్టుచున్నది. పొలమునుండి వచ్చిన మనుమడు బుట్టలో ఉడుము పిల్లను తెచ్చి, "తాతయ్యా, దీనిని పెంచుకొందును, ఇంటిలో తిరుగుట యెట్లు అలవాటు చేయవలెను?" అని అడుగును. పట్టణమున చదువుకొను మరియొక మనుమడు ఇగ్వానా యను విదేశపు బల్లిపిల్లను కొని తెచ్చి అదే ప్రశ్న వేయును. ప్రశ్న ఒక్కటియే, సమాధానములు రెండు. ఆ భేదము తెలియనిచో ఒకచోట ప్రాణికి, మరియొకచోట మనుమనికే చేటు కలుగవచ్చును.

మొదట ఈ జాతి స్వభావమును తెలిసికొందము. కోడికిని కుక్కకును ఒంటివేడి లోపలనే పుట్టును. బల్లిజాతికి అట్లు కాదు; ఎండనుండియు, ఎండకు కాగిన నేలనుండియు అది వేడిని సంపాదించుకొనవలయును. వేడి చాలనిచో పరుగెత్తలేదు, తిన్నది అరగదు. అందుచేతనే ఉడుము ఉదయమున గట్టుమీదికి వచ్చి ఎండ కాగును. వేడి మిక్కుటమైనచో నీడకు పోవును. రాత్రి బొరియలో దాగును. ఎండ, నీడ, దాగుచోటు: ఈ మూడును దగ్గరదగ్గరగా నున్నప్పుడే దానికి ధైర్యము. ఈ మూడింటికిని దూరమై, అరచేతిలో కదలక పడియున్న పిల్లను చూచి మనము మచ్చికయైనదని మురియుదుము. అది పలుమారు మచ్చిక కాదు, చలియో, భయమో.

ఇక మొదటి మనుమని సంగతి. ఉడుము మన దేశపు వన్యప్రాణి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున అది పులితోపాటు మొదటి షెడ్యూలులో నున్నది. చట్టము దృష్టిలో పట్టుకొనుటయు వేటయే. 2022లో చేసిన సవరణ ననుసరించి ఇట్టి నేరమునకు శిక్ష 3 ఏండ్లకు తగ్గక 7 ఏండ్లవరకు కారాగారము, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఒకప్పుడు భజనలలో వాయించు కంజీరకు ఉడుముతోలు బిగించెడివారు. తోలునకును మాంసమునకును పట్టిపట్టి దానిని తగ్గించినందుననే ఇంత కట్టుబాటు. పైగా అది రైతునకు పగ కాదు. ఎలుకలను, పురుగులను, నత్తలను, పీతలను తినును.

కావున ఉడుము పిల్లను పెంచు మార్గము లేదు. తిరిగి పంపు మార్గమే యున్నది. మనుమని బెదరింపక, అది ఏ గట్టున, ఏ వేళ దొరికినదో ముందుగా అడుగుడు. నడుమునకు తాడు కట్టనీయకుడు. పాలు, అన్నము పెట్టనీయకుడు. గాలియాడు బుట్టలో మూతవేసి నీడపట్టున నుంచి, కుక్కలను పిల్లులను దూరముగా నుంచి, అటవీశాఖవారికి వెంటనే కబురు చేయుడు. ఇట్టి ప్రాణి చేతికి వచ్చినచో 48 గంటలలోపల పోలీసు ఠాణాకుగాని, తగిన అధికారికిగాని తెలుపవలెనని చట్టము. పిల్ల మీ దొడ్డిలోనికి తానే వచ్చినదైనచో ఏమియు చేయనక్కరలేదు. కుక్కను కట్టివేసి దారి విడిచిన చాలును.

అధికారులు దానిని విడువ వచ్చినప్పుడు మీరు చేయదగిన సాయము ఆ గట్టును చూపుట. గాయములేని పిల్లను దొరికిన చోటనే, ఎండ వచ్చిన వేళ విడుచుట మేలు. బుట్టను ప్రక్కకు వాల్చి, మూత తీసి, పదడుగులు వెనుకకు జరిగి ఊరకుండవలెను. చేతితో త్రోయరాదు, కఱ్ఱతో అదలింపరాదు. కొంతసేపటికి అది చీలిన నాలుక చాచును. గాలిలోని వాసనను ఆ నాలుకతో నోటిలోని అవయవమునకు అందించి చోటును గుర్తించును. పిమ్మట పొదలోనికో, చెట్టుమీదికో పోవును; ఉడుము పిల్లలు పెద్దవానికంటె ఎక్కువగా చెట్లెక్కును. దానికి తిండి వెదకుట నేర్పవలసినవారెవ్వరును లేరు. తల్లి పుట్టలోనో మంటిలోనో గ్రుడ్లు పెట్టి మూసి పోవును. పిల్లలు వెలువడిన నాటినుండియే తమ పురుగును తామే పట్టుకొనును.

రెండవ మనుమని యిగ్వానా సంగతి వేఱు. దాని స్వదేశము మధ్య, దక్షిణ అమెరికా ఖండములు. ఇట్టి విదేశపు ప్రాణులను ఉంచుకొన్నవారు 2024వ సంవత్సరపు నియమములను బట్టి పరివేష్ అను ప్రభుత్వపు అంతర్జాల స్థానమున నమోదు చేసికొనవలెను. ఆ పత్రము ఉన్నదా యని అడుగుట పెద్దల మొదటి పని.

తరువాత అలవాటు చేయు విధము. తెచ్చిన మొదటి వారములలో పంజరములోనే ఉండనిచ్చి, ప్రతిదినము ఒకే వేళ ఆకుకూర పెట్టుచు, చేతిని దాని యెదుట ఊరక ఉంచుచుండవలెను. పైనుండి పట్టరాదు. పిల్లబల్లికి పైనుండి వచ్చు ప్రతి నీడయు గద్దయే. ఇగ్వానాకు నడినెత్తిన మూడవ కన్ను వంటి చిన్న అవయవము కలదు; దానికి రూపములు తెలియవు గాని వెలుగునీడలు తెలియును. ప్రక్కనుండి, కడుపు క్రిందుగా చేయి పోనిచ్చి ఎత్తవలెను. తోక పట్టినచో ఊడి చేతికి వచ్చును.

చేతినుండి ఆకు తిననారంభించిన పిమ్మట ఒక చిన్న గదిని సిద్ధపరుపుడు. తలుపులు, కిటికీలు మూయుడు. పైకప్పు పంకాను ఆపుడు. బీరువాల వెనుకనున్న సందులను కప్పుడు. పంజరమును గదిలో పెట్టి తలుపు మాత్రము తెరచి కూర్చుండుడు. బయటికి తీయకుడు, తానే రావలెను. మొదట పది నిమిషములు చాలును. పంజరము తెరచియే యుండవలెను. దాగుచోటు కనబడుచున్నంతవరకే అది ముందునకు అడుగు వేయును. మేను నల్లబడినను, ఒడలు ఉబ్బించినను, తోక ఝాడించినను నాటికి అంతటితో ఆపవలెను. మెల్లగా నడచుచు నాలుకతో నేలను తాకుచున్నచో మరునాడు కొంచెము సేపు పెంచవచ్చును. పొద్దుటి యెండయు కావలెను. కిటికీ అద్దముగుండ వచ్చు వెలుగు చాలదు. ఎముకలకు బలమిచ్చు విటమిన్ డి పుట్టించు కిరణములను అద్దము ఆపివేయును. కావున పంజరమునే సగము ఎండ, సగము నీడ పడునట్లు వసారాలోనికి జరుపవలెను. తాకినవారెల్లరును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈ జాతి మలమున విరేచనములు కలిగించు సూక్ష్మజీవులుండును.

ఒక మాట మరువరాదు. అరచేతిలో పట్టిన ఆ పిల్ల పెరిగి, తోకతోకూడ ఐదడుగులు కావచ్చును. అప్పుడు భరింపలేక, "పోనీ, కాలువగట్టున విడుతము" అని తోచును. అది దయ కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇట్లు పెంపకమునుండి వెలువడినవి పెరిగి తోటలను తినుచు, కాలువగట్లను త్రవ్వుచు బెడదయైనవి. 2021లో ఆ రాష్ట్రము వానిని నిషిద్ధజంతువులలో చేర్చినది. 2018, 2020 సంవత్సరముల జనవరి చలికి అచ్చట అవి చెట్లనుండి కొయ్యలవలె రాలిపడినవి. మన కృష్ణా పశ్చిమ డెల్టాలో అట్టి చలియును లేదు. గట్లు మాత్రము కలవు.

ఉడుము పిల్లకు తలుపు తెరచుట దానిని ఇంటికి పంపుట. ఇగ్వానాకు తెరచుట గదివరకే. రెండింటను మన పని ఎండయు నీడయు చూపి, తొందరపడక కూర్చుండుట. బుట్టను పట్టుకొని విడువనన్న మనుమనితో, "ఒరే నాయనా, దీని యిల్లు ఆ గట్టు. ఆఫీసరుగారితో మనమిద్దరమును పోయి దిగబెట్టి వత్తము" అని చెప్పుడు. ఉడుముపట్టు ఉడుమునకే చెల్లును. ఈ విషయమున మనుమనికి తగదు.