రీడ్ ఎందుకు కంపు కొడుతుంది? సన్నాయికి వేలాడే సూది సంగతేంటి?

పోచారంలో మా రూమ్ నుంచే రికార్డ్ చేస్తున్నా. బయట వాన. మధ్యలో వరంగల్ హైవే లారీల హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

పోయిన వారం నా దగ్గర క్లారినెట్ నేర్చుకునే తమ్ముడొకడు వచ్చి, "అన్నా, నెల రోజులైంది, దగ్గు తగ్గుతలేదు. వాయిస్తుంటే నోట్లో ఏదో పుల్ల వాసన" అన్నాడు. మౌత్‌పీస్ మీద క్యాప్ తీశా. గుప్పుమంది. తడి సాక్సులు మూడ్రోజులు బ్యాగులో మర్చిపోతే వస్తుంది చూడండి, ఆ కంపు. రీడ్ వెనకాల నల్లటి చుక్కలు, మీద నూగులాగా బూజు. అసలు సిగ్గుపడాల్సింది నేను. "రీడ్ అంచు విరిగితే డబ్బులు దండగ, వాయించగానే క్యాప్ పెట్టెయ్" అని మొదటి రోజే నేర్పింది నేనే. ఆరబెట్టమని మాత్రం చెప్పలేదు.

రీడ్ అంటే ప్లాస్టిక్ ముక్క కాదు. అరుండో డోనాక్స్ అనే పెద్ద గడ్డి కాండం, చూడ్డానికి వెదురులా ఉంటుంది. లోపలంతా సన్నటి గొట్టాలే. మనం నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అవి ఉమ్మిని పీల్చుకుంటాయి. ఉమ్మితో పాటు మీరు ఇప్పుడే తాగిన ఇరానీ చాయ్ చక్కెర, ఉస్మానియా బిస్కెట్ పిండి కూడా లోపలికి పోతాయి. తడి, తిండి, చీకటి, గాలాడని క్యాప్. బూజుకి ఇంకేం కావాలి? పైగా మన వానాకాలం.

భయపెట్టడానికి కాదు గానీ ఒక కేసు చెప్తా. 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్‌లో 61 ఏళ్ల పెద్దాయన రోజూ బ్యాగ్‌పైప్ వాయించేవాడు. ఏళ్ల తరబడి పొడి దగ్గు, ఆయాసం. మందులు పనిచేయలేదు. మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్తే మాత్రం ఒళ్లు తేలికైంది, ఎందుకంటే వాద్యం ఇంట్లోనే వదిలి వెళ్లాడు! తర్వాత డాక్టర్లు ఆ వాద్యం లోపల నుంచి నమూనాలు తీస్తే రకరకాల బూజులు పెరిగాయి. పాపం, ఆయన బతకలేదు. ఇలాంటివి చాలా అరుదు. మా తమ్ముడి దగ్గు రీడ్ వల్లేనని నేను అనను, అది డాక్టర్ తేల్చాలి. ఛాతీ డాక్టర్ దగ్గరికి పంపించా. ఒక్క మాట మాత్రం తప్పకుండా చెప్పమన్నా: "నేను ఊదే వాద్యం వాయిస్తా సార్" అని. అడగకపోతే మనం చెప్పం కదా!

ఇప్పుడు సన్నాయి సంగతి. మన పెళ్లిళ్లలో నాదస్వరం మొదట్లో దారాలకి ఏవో చిన్న చిన్నవి వేలాడుతుంటాయి, చూశారా? నేను చిన్నప్పుడు అవి అలంకారం అనుకునేవాణ్ణి. కాదు. అవి స్పేర్ రీడ్లు, వాటితో పాటు ఒక సూది. వాయించేటప్పుడు రీడ్ సందులో చేరిన ఉమ్మిని ఆ సూదితో తీసేస్తారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి కచేరీ వీడియో దొరికితే పాట వినండి, ఒకసారి ఆ దారాల వైపు కూడా చూడండి. మెయింటెనెన్స్ కిట్ మెడలోనే వేసుకుని వాయిస్తుంది ఆ వాద్యం. మన దగ్గరేమో క్యాప్!

సరే, ఏం చేయాలి? వాయించే ముందు నోరు పుక్కిలించండి. బరాత్‌లో గుట్కా నములుతూ వాయించే అన్నలకు స్పెషల్‌గా చెప్తున్నా. అయిపోగానే రీడ్ విప్పి, మామూలు నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో మందం వైపు నుంచి అంచు వైపుకి మాత్రమే తుడవండి. అడ్డంగా తుడిస్తే అంచు పోతుంది. కాసేపు ఆరనిచ్చి, గాలి ఆడే రీడ్ కేసులో పెట్టండి. ఎండలో పెట్టొద్దు, వంకర పోతుంది. మూడు నాలుగు రీడ్లు మార్చి మార్చి వాడితే ఒక్కోటి పూర్తిగా ఆరే టైమ్ దొరుకుతుంది. పది రీడ్ల డబ్బా కొంటాం, ఒక్కదాన్నే చచ్చేదాకా వాడతాం, అదేం పిసినారితనమో.

వాసన మొదలైతే మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అడగండి. లేబుల్ చూడండి, 6 శాతం ఉంటే సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అందులో ఓ పావుగంట నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి. కంట్లో పడనివ్వొద్దు, మింగొద్దు. మిగిలింది పారబోయండి, బిగుతు మూత బాటిల్లో దాస్తే గ్యాస్ పడుతుంది.

నూగు బూజు కనిపిస్తే మాత్రం ఈ ప్రయోగాలు వద్దు, పారేయండి. వాడకంతో వచ్చే బూడిద రంగు మరక వేరు, అది పర్లేదు. మౌత్‌పీస్‌ని గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బుతో కడగండి. వేడి నీళ్లలో ఎబొనైట్ రంగు మారుతుంది, అందులోని గంధకం వాసన కూడా వస్తుంది. నా పాత మౌత్‌పీస్ అలాగే ఆకుపచ్చగా తయారైంది, ఇదిగో.

ఒకరి రీడ్ ఇంకొకరు వాడొద్దని వేరే చెప్పాలా?

తమ్ముడి రీడ్ చెత్తబుట్టలో వేశా, నా డబ్బాలోంచి రెండు కొత్తవి ఇచ్చా. క్యాప్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా. స్కాన్ రిపోర్ట్ సోమవారం వస్తుందట.