నడుము నొప్పి - చెయ్యి వేసే ముందు అడిగే ప్రశ్నలు

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తొక్కించడం మన ఊళ్లలో పాత అలవాటు. ఇప్పుడు కైరోప్రాక్టిక్ అనే మాట వినబడుతోంది. ఎముకలు టకటకమనిపించే వీడియోలు చూసి, "డాక్టరుగారూ, మా నాన్నగారికి అలా చేయిస్తే తగ్గుతుందా?" అని అడుగుతున్నారు.

ఈ విధానాన్ని 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ప్రారంభించాడు. వెన్నుపూసలు జరగడమే చాలా జబ్బులకు మూలమని ఆయన నమ్మకం. దానికి శాస్త్రీయమైన ఆధారం దొరకలేదు. మామూలు నడుము నొప్పికి మాత్రం కొంత ఉపశమనం ఉంటుంది, అదీ వ్యాయామంతో వచ్చేపాటిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాల ప్రకారం దీని పూర్తి శిక్షణకు కనీసం 4,200 గంటలు కావాలి. అందులో 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడాలి. విరవడం నేర్చుకోవడానికి అన్ని గంటలెందుకు? ఎవరిని విరవకూడదో తెలుసుకోవడానికి!

ఉదాహరణకు, అరవై ఏళ్ల పెద్దాయనకు రెండు నెలలుగా నడుము నొప్పి. బెణుకైతే విశ్రాంతితో, కొద్ది వారాల్లో తగ్గుముఖం పడుతుంది. డిస్కు నరాన్ని నొక్కితే నొప్పి కాలిలోకి పాకుతుంది, దగ్గితే ఎక్కువవుతుంది. కిడ్నీలో రాయైతే అలలు అలలుగా వచ్చి గజ్జల వైపు దిగుతుంది. ఈయనకు ఇవేవీ కావు. పడుకున్నా నొప్పి తగ్గదు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గాడు. అప్పుడు వెన్నెముక క్షయనో, క్యాన్సర్‌నో అనుమానించాలి. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనబడవచ్చు, కనుక ఎమ్మారై అవసరమవుతుంది. లోపల గుల్లబారిన వెన్నుపూసను గట్టిగా నొక్కితే అది కుంగి కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది. ఇలాంటి రోగిపై చెయ్యి వేయకుండా ఆసుపత్రికి పంపడమే అక్కడ సరైన వైద్యం.

మెడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు, అరుదుగానైనా, రక్తనాళం చీరి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

పెద్దవాళ్లు అన్నీ చెప్పరు. బాత్రూములో జారిపడిన సంగతి కోడలికి తెలుస్తుంది గాని డాక్టరుకు తెలియదు. పడటం, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, పాత క్యాన్సర్ - ఇవి మీరే చెప్పండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే భాగం మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే తీసుకురండి.